మాండలేలో సముద్రం లేదు

సముద్రం ఎటువైపు అని అడిగాడు ముసలి దొర, కొండెక్కిన ఆయాసం ఇంకా తీరనేలేదు, కెమెరా మాత్రం సిద్ధం, న్వే యీకి ఒళ్ళు మండిపోయింది, ఇరవై రెండేళ్ళుగా ఈ మాండలే కొండమీద గైడుగా నిలబడి ఇదే ప్రశ్నకు ఇదే నవ్వు నవ్వుతోంది, సముద్రం లేదండీ, అది కావాలంటే రంగూన్ దాటి పోవాలి, ఆ కనిపించేది ఐరావతి, నది, అనగానే ఆయన మొహం వాడిపోయింది, ఊరే తనని మోసం చేసినట్టు, అదేమిటి, మాండలే మీద మా దొర రాసిన ఇంగ్లీషు పద్యంలో సముద్రం ఉందే అన్నాడు, ఉంటుంది, ఎందుకుండదు, రాసినవాడు ఈ ఊరి మట్టి తొక్కితే గదా, ఎక్కడో రేవులో ఓడ దిగి, గుడి మెట్లమీద ఓ పిల్లని చూసి, మళ్ళీ ఓడెక్కి పోయాడట, పద్యంలో ఆ పిల్ల ఇప్పటికీ తెల్ల సోల్జరు కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోందట, ఎవరట ఎదురుచూసింది, అమ్మమ్మ వాళ్ళమ్మ చూసిందా, తెల్ల సోల్జర్లు మా రాజుని ఎడ్లబండి ఎక్కించి దేశం దాటించడానికి తీసుకుపోతుంటే పదిహేనేళ్ళ పిల్ల దారి పక్కన గుండెలు బాదుకుంది, కోటలో ఇళ్ళు ఖాళీ చెయ్యమంటే తలుపు చెక్కలు నెత్తిన పెట్టుకుని బయటికి నడిచింది, దానిమీద ఏ దొర రాశాడు పద్యం.

నిన్న హోటల్లో మేనేజరు తౌంగ్ సేన్, అక్కా, రేపు పద్యంలో పిల్లలా పసుపుపచ్చ లుంగీ కట్టి, నోట్లో చుట్ట పెట్టుకుని పద్యం చదువు, ఫొటోలు అదిరిపోతాయి అన్నాడు, యాభై నాలుగేళ్ళొచ్చాయి నాకు, మీ ఆవిడ నోట్లో పెట్టు ఆ చుట్ట అంటే పకపకా నవ్వి, కోపమెందుకక్కా, ఆ పద్యమే లేకపోతే మన ఊరి పేరెవడికి తెలుసు అన్నాడు, ఎవడికి తెలుసా, ఇక్కడ పుట్టి చచ్చినవాళ్ళు మనుషులు కారూ, అని అరవాల్సింది, అరవలేదు, చుట్ట మాత్రం తేలేదు, అదొక్కటే తన పౌరుషం.

చదవమ్మా అని ముసలాయన బతిమాలాడు, నోరు దానంతటదే తెరుచుకుంది, అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషులో పద్యమంతా ధారగా వచ్చేసింది, ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు, పక్కనున్న ఆయన కూతురు మాత్రం చప్పట్లు కొట్టకుండా, మీ రాజుని తీసుకుపోయిన రోజు గురించి మీవాళ్ళేమీ పాడుకోలేదా అని అడిగింది, ఎందుకు పాడుకోలేదు, అమ్మమ్మ మనవరాలి బుగ్గలకు తనకా చెట్టు బెరడు అరగదీసిన గంధం రాస్తూ రోజూ పాడేది, ఇదిగో వినండి అని గొంతు సవరించుకుంది, మొదటి చరణం వచ్చింది, రెండోది, రెండోది, బండి చక్రం అనే మాట ఒక్కటి తగిలి జారిపోయింది, అమ్మమ్మ లేదు, అమ్మ లేదు, అడగడానికి ఎవరూ లేరు, ముసలాయన కూతురు ఇంకా తనవైపే చూస్తోంది, కోపం మాత్రం తగ్గలేదు, దొరమీదా కాదు, తౌంగ్ సేన్‌మీదా కాదు, ఇరవై రెండేళ్ళుగా ఈ కొండమీద రోజూ ఆ పద్యానికి ఊపిరి పోసింది తనే, ఈ పాటను ఒక్కరోజైనా పాడకుండా చంపుకున్నదీ తనే.