పేరు రాయని డబ్బా

వేసవి వచ్చిందంటే మా ఊరికి ఎక్కడలేని హుషారు వస్తుంది. పది నెలల పాటు పక్కింటివాడి మొహం కూడా చూడకుండా పరుగులు తీసే జనం, బడులు మూసిన మర్నాడే పార్కుల మీద పడతారు. పొద్దున్నే సైకిల్ పందేలు, పదింటికి మట్టిబొమ్మల క్లాసు, ఎండ ముదిరాక మ్యూజియంలో పిల్లలకు ఉచిత ప్రవేశం, సాయంత్రం బ్యాండు కచేరీ, లైబ్రరీ మేడ మీద టెలిస్కోపు. వీటన్నిటికీ కలిపి నగరపాలక సంస్థ ఒక కరపత్రం అచ్చు వేస్తుంది. అందులో శనివారం గడిలో చివరి వరస నాది: పెద్ద పార్కులో ఆరుబయట సినిమా.

మా అక్క ఆ కరపత్రాన్ని పరీక్షకు చదివినట్టు చదువుతుంది. కళ్లద్దాల షాపులో రోజంతా అద్దాలు అరగదీసే మనిషికి ఆ రెండు నెలలే ఆటవిడుపు. ఏ వారం ఏది చూడాలో పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటుంది. ఈత, పడవలు, నీటి ఆటలు ఉన్న పేజీని మాత్రం లోపలికి మడిచేస్తుంది. ఎందుకని మా ఇంట్లో ఎవరూ అడగరు. అందరికీ తెలుసు.

నేను పుట్టక ముందు మా ఇంట్లో ఇంకో పిల్లాడు ఉండేవాడు. ఐదేళ్లవాడు. నాకు అన్నయ్యే అయినా నా ఊహలో ఎప్పుడూ నాకంటే చిన్నవాడే. ఒక వేసవి ఆదివారం నాన్న వాణ్ణీ అక్కనూ ఈతకొలనుకు తీసుకెళ్లాడు. తను టికెట్ల వరసలో నిలబడబోతూ, తమ్ముడి చెయ్యి వదలొద్దని అక్కకు మరీ మరీ చెప్పాడు. అక్క వదిలేసి ఆటల్లో పడింది. వాడు లోతు వైపు జారిపోయాడు. ఇదీ మా ఇంట్లో చెప్పుకునే కథ. అక్కకు అప్పుడు తొమ్మిదేళ్లు.

నాన్న పిలిస్తేనే వెళ్లానని అక్క ఆ రోజు ఏడుస్తూ చెప్పిందట. చేసిందే కాక అబద్ధాలు కూడానా అని అమ్మ చెంప పగలగొట్టిందట. ఆ తర్వాత అక్క ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మరుసటి ఏడు నేను పుడితే, అమ్మ నన్ను ఒక్కసారి కూడా అక్క చేతికి ఇవ్వలేదు. నాకు నడక వచ్చాక కూడా మా ఇద్దరినీ ఒక గదిలో ఒంటరిగా వదిలేది కాదు. నేనేం తక్కువ తినలేదు. పదేళ్లప్పుడు ఏదో పెన్ను కోసం పోట్లాడుకుంటూ, "అన్నయ్యను చంపింది నువ్వేగా" అనేశాను. ఆ పూట కూడా నాకు అన్నం పెట్టింది అక్కే.

అమ్మ పోయి ఆరేళ్లయింది. నాన్నకు ఎనభై దాటాయి. ఆయన స్నానం, మందులు, గోళ్లు తీయడం, అన్నీ అక్కే చూస్తుంది. పెళ్లి ఊసు ఎప్పుడెత్తినా, నా చేతుల్లో పిల్లలా, వద్దులే అని నవ్వేసేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. మండి మాత్రం ఏం చేశాను, నోరు మూసుకుని నా ఇంటికి నేను పోయేవాణ్ణి.

నాది పాత ఫిల్ములు బాగుచేసే ఉద్యోగం. ఈ ఏడు మామూలు సినిమాలు వద్దని, జనం ఇళ్లల్లో అటకల మీద మూలుగుతున్న సొంత రీళ్లు తెప్పించి, పాత వేసవులను తెర మీద చూపిద్దామని ఒకావిడ ఆలోచన చేసింది. నగరపాలక సంస్థలో సంబరాలన్నీ ఆవిడ చేతుల మీదే నడుస్తాయి. ఒకసారి మైకు అందుకుంటే ఊపిరి తీసుకోవడానికి కూడా దించదు కాబట్టి మేమంతా ఆవిణ్ణి మైకు మేడమ్ అంటాం. ప్రతి రీలు అయ్యాక దాన్ని ఇచ్చిన కుటుంబం ముందుకొచ్చి నాలుగు ముక్కలు చెప్పాలని నియమం పెట్టింది కూడా ఆవిడే.

నలభై ఏళ్ల నాటి రీలు ఎండుటాకు లాంటిది. మెషిన్లో ఒకసారి తిరిగిందే గొప్ప. అందుకని ముందుగా వేసి చూడం. మొదటి పదడుగులు, చివరి పదడుగులు వెలుతురుకు పట్టి, భూతద్దంతో చూసి, అతుకులు సరిచేసి వదిలేస్తాం. నడుమ భాగాన్ని వేలితో తాకం. జనంతో పాటు మేమూ మొదటిసారే చూస్తాం. ఇరవై ఏళ్లుగా ఇదే పద్ధతి, ఏనాడూ తల దించుకోవాల్సి రాలేదు.

నాన్న ఉద్యోగంలో ఉన్నప్పుడు వంతెనల బొమ్మలు గీసేవాడు. చిన్న కెమెరా ఒకటి కొనుక్కుని, సెలవు రోజుల్లో కూడా వంతెనలే తీసేవాడు. ఆయన బీరువాలో పదమూడు డబ్బాలున్నాయి. పన్నెండింటి మీద ఏడాది, చోటు, వంతెన పొడవుతో సహా అచ్చు అక్షరాల్లో రాసి ఉంది. పదమూడో దాని మీద ఏమీ లేదు. అది బట్టల కింద, గోడ వైపు ఉంది. ఆయన కునుకు తీస్తున్నప్పుడు నేనే తీసుకొచ్చాను.

ఆఫీసులో మొదటి పదడుగులు చూసి నా కళ్లను నేనే నమ్మలేదు. గౌను వేసుకున్న ఒక పిల్ల పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. అక్క అలా నవ్వడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. చివరి పదడుగుల్లో ఆకాశం, ఒక చెట్టు కొమ్మ, అడ్డంగా పడుకున్న దీపస్తంభం. కెమెరా ఆపడం మర్చిపోయి ఎక్కడో పెట్టేశాడు కాబోలు, వంతెనల మనిషికి పిల్లల్ని తీయడం ఏం చేతనవుతుంది అనుకున్నాను. అక్కను, నాన్నను ఇద్దరినీ ఆశ్చర్యపరచాలని ఎవరికీ చెప్పకుండా ఆ శనివారం జాబితాలో చేర్చేశాను.

ఆ సాయంత్రం మూడు వందల మందికి తక్కువ లేరు. పచ్చిక మీద దుప్పట్లు పరుచుకున్నవాళ్లు, మడత కుర్చీలు తెచ్చుకున్నవాళ్లు, పిల్లల్ని భుజాన ఎక్కించుకున్నవాళ్లు. నాన్నకు నా మెషిన్ పక్కనే కుర్చీ వేశాను. డబ్బాలు అందించే పని అక్క తీసుకుంది. చీకటి పడుతుండగా మొదలుపెట్టాం. ఎవరివో పడవ పందేలు, ఎవరిదో పుట్టినరోజు. జనం కేరింతలు కొడుతున్నారు. నాలుగోది మాది. పేరు లేని డబ్బా చేతికిస్తూ ఇది ఎవరిదని అక్క అడిగింది. చూస్తావుగా అన్నాను. ఎంత తెలివైనవాణ్ణో చూడండి.

తెర మీద అక్క నవ్వింది. నా పక్కన అక్క చేతిలోని డబ్బా మూత కింద పడి దొర్లుకుంటూ పోయింది. నాన్న కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు.

"ఏ డబ్బాలోదిరా ఇది?" అన్నాడు.

చెప్పాను. అప్పుడే తెర మీదకు చారల నిక్కరు వేసుకున్న ఒక బుడతడు వచ్చాడు. అక్క వాడి చెయ్యి పట్టుకుని ఉంది. వెనక నీలంగా నీళ్లు. వాడి ఫోటో ఒక్కటి కూడా అమ్మ మిగల్చలేదు, అయినా చూడగానే తెలిసింది, నా కొడుకు పోలికే. ఎంత ముద్దొస్తున్నాడో చూడండని మైకు మేడమ్ అంటోంది. నాన్న నా మోచెయ్యి పట్టుకుని ఆపెయ్యమన్నాడు. పోయిన కొడుకును చూసి తట్టుకోలేకపోతున్నాడు పాపం అనుకున్నాను. నడుస్తున్న మెషిన్ని ఉన్నపాటున ఆపితే ఫిల్ము కాలిపోతుంది. అందుకని అద్దానికి నా అరచెయ్యి అడ్డం పెట్టాను. తెర నల్లబడింది. జనం గోల చేశారు.

అక్క నా మణికట్టు పట్టుకుని పక్కకు లాగేసింది. "చూడనీరా. వాడి మొహం మర్చిపోయాను" అంది.

బొమ్మ మళ్లీ తెర మీద పడింది. ఈసారి ఒక పక్క నుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. కెమెరా పట్టుకున్న మనిషి రెండో చెయ్యి అది. చిటికెన వేలు నాన్న వేలిలాగే వంకరగా ఉంది. రమ్మని పిలుస్తోంది. అక్క తల అడ్డంగా ఊపి తమ్ముణ్ణి చూపించింది. ఆ చెయ్యి మళ్లీ పిలిచింది, ఈసారి విసురుగా. అక్క వంగి, వాణ్ణి మెట్టు మీద కూర్చోబెట్టి, వాడి రెండు చేతులూ ఇనుప కమ్మీకి చుట్టి, కదలొద్దని వేలు చూపించి మరీ వచ్చింది. దగ్గరికొచ్చాక ఆ చెయ్యి గాల్లో గుండ్రంగా తిరిగింది. అక్క గౌను పట్టుకుని ఒక చుట్టు తిరిగింది. ఇంకోసారి అన్నట్టు చెయ్యి మళ్లీ తిరిగింది. అక్క ఇంకో చుట్టు తిరిగింది. అక్క భుజం వెనకాల, తెర మూలకు, కమ్మీ దగ్గర ఎవరూ లేరు.

టికెట్ల వరస లేదు. ఆటలు లేవు. తెర మీద పిల్ల ఇంకా తిరుగుతూనే ఉంది, నవ్వుతూనే ఉంది. ఒక్కసారిగా బొమ్మంతా కుదిపేసినట్టయి, ఆకాశం, చెట్టు కొమ్మ, అడ్డంగా దీపస్తంభం. ఆఫీసులో భూతద్దం పెట్టుకుని నవ్వుకున్న ఆకాశమే. నాన్న కెమెరా పారేసి పరిగెత్తిన తర్వాత అది నేల మీద పడి తీస్తూ పోయిన ఆకాశం. నా మీద నాకే అసహ్యం వేసింది.

"కెమెరా ఆపడం మర్చిపోయినట్టున్నారు పాపం" అంది మైకు మేడమ్. మూడు వందల మంది నవ్వారు. చప్పట్లు కొట్టారు.

రీలు అయిపోయి దాని చివర టపటపా కొట్టుకుంటోంది. నేను మెషిన్ ఆపలేదు, నాకు ఆపాలని తోచలేదు. అక్కే మీట నొక్కింది. తర్వాత నాన్న కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది, రోజూ ఆయనకు మేజోళ్లు తొడగడానికి కూర్చున్నట్టే. అరుస్తుందేమో అనుకున్నాను. అరిస్తే బాగుండు అనుకున్నాను.

"అమ్మకు తెలుసా?" అంది.

తెలుసన్నాడు నాన్న. "రీలు కడిగించి తెచ్చిన రోజే చూసింది."

"చూసి కూడానా?"

"అప్పటికే నేను అందరితో వేరేగా చెప్పేశాను. నిజం చెబితే కేసవుతుంది, ఉద్యోగం పోతుంది, ఇల్లు నిలబడదు అనుకున్నాం. నువ్వు చిన్నపిల్లవి. నాలుగు రోజులు పోతే మర్చిపోతావులే అనుకున్నాం."

నాన్న సంగతి సరే, భయపడ్డాడు, అబద్ధం చెప్పాడు, దాంట్లో ఇరుక్కుపోయాడు. అమ్మ ఆ రీలు చూసింది. చూసిన ఏడాదికి నేను పుట్టాను. చూసి కూడా నన్ను అక్క చేతికి ఇవ్వలేదు. తలుపు తీసి ఉంచి మరీ కాపలా కాసింది. చెప్పిన అబద్ధం నిలబడాలంటే అలా రోజూ కాపలా కాయాలేమో. నలభై ఏళ్లు ఆ ఇంట్లో అందరికీ వడ్డించిన మనిషి ఒక్కతే ఏ తప్పూ చేయని మనిషి. ఆ అక్కను హంతకురాలన్న పదేళ్ల వెధవను నేను. క్షమించమని అడగడానికి అక్కా అన్నాను. నాన్న తన చెయ్యి ఒళ్లో దాచుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు.

ఇంతలో తెర దగ్గర నుంచి మైకు మేడమ్ పిలుపు. ఆ గిరగిరా తిరిగిన చిన్నారి ఎవరో, ఆ ముద్దుల బాబు ఎవరో, కుటుంబం వాళ్లు ముందుకు రావాలట. జనం చప్పట్లతో పిలుస్తున్నారు. నేను పోయి ఏదో ఒకటి సర్దిచెప్పి వస్తాను, నువ్వు కూర్చో అని అక్కతో అన్నాను. అక్క నా మాట విననట్టే లేచింది. మోకాళ్లకు అంటిన గడ్డి దులుపుకుంది. దుప్పట్ల మధ్య నుంచి, ఎవరి కాలూ తొక్కకుండా నడుచుకుంటూ తెర దాకా వెళ్లింది. జీవితంలో నలుగురి ముందు గొంతు విప్పని మనిషి, మైకు మేడమ్ చేతిలోంచి మైకు తీసేసుకుంది. ఆవిడ మారు మాట్లాడకుండా ఇచ్చేసింది.

"ఆ గౌను పిల్లను నేనే" అంది అక్క. "ఆ బాబు మా తమ్ముడు. మీరు నవ్వారే, ఆకాశం కనిపించినప్పుడు, అప్పుడే వాడు నీళ్లలో పడి చచ్చిపోయాడు. నేను చెయ్యి వదిలేసి ఆడుకోవడానికి పోయానని ఇన్నాళ్లూ అందరూ అన్నారు. నేనూ అదే నిజమనుకున్నాను. ఒక చెయ్యి నన్ను పిలిచింది. మీరు చూశారా?"

భుజాన పిల్లాణ్ణి ఎక్కించుకున్న ఒకాయన వాణ్ణి మెల్లగా కిందికి దించి, దగ్గరికి పొదువుకున్నాడు. ముందు వరసలో ఒక పెద్దావిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది.

"చూశామమ్మా" అంది. "రెండుసార్లు పిలిచింది. నువ్వు ముందు రానన్నావు."

అక్క తల ఊపింది. ఆ పెద్దావిడ పక్కన కూర్చున్నతని వైపు తిరిగి, మీరు చూశారా అని అడిగింది. చూశానన్నాడు. ఆ పక్కనున్న అమ్మాయిని అడిగింది. అక్క మైకు పట్టుకుని దుప్పటి దుప్పటి దగ్గరా ఆగుతూ, పిల్లల్ని కూడా వదలకుండా, ఒక్కొక్కరి చేతా చెప్పించుకుంటూ నడిచింది. మెషిన్ పక్కన నేనూ నాన్నా మా వంతు వచ్చేదాకా అలాగే ఉండిపోయాం.