పాస్టరమ్మ సాక్ష్యం

ప్రీతి కాలవగట్టు మీద గబగబా నడుస్తోంది. చెమట పట్టేదాకా నడవమని అవనిగడ్డ డాక్టరమ్మ చెప్పింది గానీ, పాస్టరమ్మని నడవనిచ్చేవాళ్ళేరీ ఆ ఊళ్ళో! వెనకనుంచి బండి రానే వచ్చింది, ఆగనే ఆగింది.

“వందనాలండీ అమ్మగారూ! ఎక్కండెక్కండి, మీరు నడవడమేంటండీ!”

వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. ఎక్కింది. ఆ పూటకి నడక అయిపోయింది.

మనిషి ఎవరి కంటికీ పెద్దగా ఆనదు. సన్నగా, చామనఛాయగా, భుజాన బైబిలు సంచీతో పాస్టరు డేవిడ్ రాజు వెనకాల నడిచే భార్య, అంతే. ఇంటింటికీ వెళ్ళి ప్రార్థన చెయ్యడం ఆమె పని. కడుపుతో ఉన్నప్పుడు షుగరొచ్చింది, కాన్పుతో పోయింది. ఆ సంబరంలో చంటిదాన్నెత్తుకుని చర్చిలో నిలబడి, “ప్రభువు నా షుగరు తీసేశాడు” అని సాక్ష్యం చెప్పేసింది. ఊరంతా స్తోత్రం అంది. జాగ్రత్తపడకపోతే అది మళ్ళీ వచ్చి, ఈసారి ఉండిపోతుందని డాక్టరమ్మ చెప్పింది ఆ తరవాత కదా! ప్రీతి కన్నతల్లి షుగరుతోనే చూపు పోగొట్టుకుని, గోడలు తడుముకుంటూ బతికి పోయింది మరి.

ఇంట్లో అన్నం తగ్గించింది, కూర పెంచింది. మరి ఇంటింటా ఇచ్చే టీ సంగతో? పంచదార వద్దంటే, “తీసేశాడన్నారు గదండీ!” అని తెల్లబోతారు. భర్తతో చెప్పుకుంటే, “నీకే విశ్వాసం లేదనుకుంటారు ప్రీతీ. ఒక్క కప్పే కదా,” అంటాడు. ఆ ఒక్క కప్పూ ఇంటికొకటి! తన నోటితో తనే బిగించుకున్న ఉరి, ఇంకెవర్నని ఏం లాభం?

బండి దిగి ఆనందమ్మ ఇంట్లోకి వెళ్ళింది. ముసలావిడ నవారు మంచం మీద వడలిపోయి ఉంది. చెంబుడు నీళ్ళు గటగటా తాగి, మళ్ళీ చెంబు చాపింది. కోడలు జీవరత్నం ప్రీతి చేతిలో టీ గ్లాసు పెట్టింది. టీ పాకంలా ఉంది.

“అమ్మగారూ, నేనూ షుగరు మాత్రలు మానేశానండీ,” అంది ఆనందమ్మ, మెరిసే కళ్ళతో. “మీకు తీసేసినోడు నాకు తియ్యడా?”

ప్రీతి గ్లాసు కింద పెట్టేసింది.

“నాది వేరండీ ఆనందమ్మగారూ. కడుపుతో వచ్చింది, కాన్పుతో పోయింది. మళ్ళీ వస్తదేమోనని నాకే హడలుగా ఉంది. మీదలా పోదండీ. నా మాట విని మాత్రలేసుకోండి.”

ఇన్నాళ్ళూ బయటపెట్టలేకపోయిన మాట అది. చెప్పేసింది.

ముసలావిడ బోసినోటితో నవ్వింది. “నన్ను పరీక్ష పెడుతున్నారు! నేను జారిపోనండీ.”

ఆటో పిలుస్తాను, ఆస్పత్రికి పదమని బతిమాలింది ప్రీతి. ఎంతకీ వినదే! నవ్వుతుంది, నీళ్ళు తాగుతుంది. కోడలి చేతులు పట్టుకుని అడిగితే, రొయ్యల చెరువు నుంచి మా ఆయన రాగానే ఎత్తి ఎక్కించైనా తీసుకెళ్తామంది.

సాయంత్రం కబురొచ్చింది. కొడుకు వచ్చి లేపబోతే అప్పటికే నిద్రలో పోయి ఉందట.

ఆనందమ్మ ఇంట్లో, శవం దగ్గర ప్రార్థన ముగిశాక ప్రీతి భర్త చెయ్యి పట్టుకుంది. “నా సాక్ష్యం విని పోయిందండీ ఆవిడ.”

“ఊరుకో, జనం వింటారు,” అన్నాడాయన, మెల్లగా చెయ్యి విడిపించుకుంటూ.

జీవరత్నం కళ్ళు తుడుచుకుంటూ లోపల్నుంచి ఒక అట్టపెట్టె తెచ్చి ప్రీతి ఒళ్ళో పెట్టింది.

“బందరు లడ్లండీ. మా అత్త ఆదివారం సాక్ష్యం చెప్పి చర్చిలో పంచాలని తెప్పించుకుంది. మొదటిది మీ నోట్లోనే పెట్టాలని అనుకుందండీ.”

చుట్టూ ఆడవాళ్ళు ఆమె వంకే చూస్తున్నారు. అడుగున నెయ్యి మరకలు తేలిన ఆ పెట్టె, కట్టిన దారం కట్టినట్టే, ప్రీతి ఒళ్ళో ఉండిపోయింది.