గోంగూర, అమారీ, మా అత్తగారు

హిందీ మాట్లాడే ఈ ఊళ్లో, సెక్టర్ ఏడులో మా క్వార్టరు వెనక మంచం పట్టేంత నేల ఉంది. అందులో గోంగూర వెయ్యాలని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నాం. విత్తనాలు ఎక్కడ కొనాలన్న దగ్గర మాత్రం మూడు పార్టీలయ్యాం.

మా ఆయన సింహాద్రిది ఫోన్లో ఆర్డరిచ్చే పార్టీ. నాది సుపేలా బజారు పార్టీ. గింజలు చేత్తో పట్టుకుని చూడొచ్చు, పక్కనే పకోడీలూ తినొచ్చు. రెండు నెలల కిందట బొబ్బిలి నుంచి మొదటిసారి మా ఇంటికొచ్చిన అత్తగారు పైడమ్మది మూడోది.

"గోంగూరంటే మా బొబ్బిలిదే. ఈ ఊరోళ్లకి గోంగూరంటే ఏటి తెలుసు? శనివారం బండెక్కి నానే ఎల్లి తెస్తాను."

వెళ్తే మళ్లీ ఎప్పుడొస్తుందో! నా బెంగంతా అదే. పిల్లలు నాతో హిందీలో వాదిస్తారు. మా ఆయన అసలు వాదించడు. తెలుగులో నాతో కడుపునిండా పోట్లాడే మనిషి ఈ ఇంట్లో ఆవిడొక్కతే.

ఇక్కడివాళ్లు అమారీ అనేది గోంగూరనేనని నాకు తెలుసు. కానీ ఆ ముక్క నేనంటే అత్తగారి లెక్కలో అది గోంగూర కాకుండా పోతుంది. అందుకని నందిని వైపు పల్లెల నుంచి ఆకుకూరలు తెచ్చి అమ్మే ఛాయకి ఫోన్ చేశాను. "అమారీ, దాని విత్తనాలు తీసుకురా. నన్ను పిలవకు. వరండాలో మా అత్తగారి ముందు బుట్ట దించు" అన్నాను.

శుక్రవారం పొద్దున్న వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. అత్తగారు బుట్టలోంచి ఒక ఆకు తుంపి కొరికింది. మొహం పులిసింది, వెంటనే వెలిగింది.

"ఓసి, గోంగూర!"

"నహీఁ దాయీ, అమారీ ఆయ్." కాదమ్మా, ఇది అమారీ అంటోంది ఛాయ.

"గోంగూరే పిల్లా!"

"అమారీ!"

ఒకరి భాష ఒకరికి రాకుండానే పది నిమిషాలు హోరాహోరీగా నడిచింది. చివరికి ఛాయ కొంగుముడి విప్పి గింజలు చూపించింది. అత్తగారు వాటిని అరచేతిలో దొర్లించింది, ఊదింది, ఒకటి పంటికింద నొక్కింది.

"కోడలా! ఆడి ఫోనొద్దు, నీ సుపేలా వొద్దు. ఈ పిల్ల దగ్గరే కొంటన్నాను."

శనివారం బండి వెళ్లే వేళకి ఆవిడ పెరట్లో గొంతుక్కూర్చుని గింజలు చల్లుతోంది. చల్లుతూ నా వైపు తిరిగింది.

"ఇంత మంచి గోంగూర గుమ్మంలోకొస్తంటే నీకు తెలీదేటే?"

"తెలీదత్తా."

"కాలేజీ సదువు సదివి ఏటి లాభమే..." అని మొదలుపెట్టి అరగంట దులిపేసింది. మధ్యలో గొంతు ఎండితే, నేనే మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను.