నాలుగు డిస్కులు, నూట పన్నెండు గొంతులు

ముసురు పట్టి నాలుగు రోజులైంది. నిజామాబాద్ పసుపు మార్కెట్ గంజ్ వెనక సందులో, గోనెసంచుల దుకాణం పైనున్న గది తాళం సింధూజ పొద్దున్నే తీసింది. సీజను ఎప్పుడో అయిపోయినా, కింది గోడలకు పట్టిన పసుపు వాసన తడికి మళ్లీ లేచి మెట్లదాకా వచ్చింది. గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ఏసీ, మూలన ఒక సర్వరు. అరవై మూడు వెబ్‌సైట్లు ఆ సర్వరు మీదే నడుస్తున్నాయి. పసుపు వ్యాపారులవి, రెండు బడులవి, ఫంక్షన్ హాళ్లవి, మోర్తాడ్‌లో విత్తనాలమ్మే ఒకాయనది. ఎవరు ఎప్పుడు చూసినా అవి తెరుచుకునేట్టు చూడటం ఆరేళ్లుగా సింధూజ పని.

ఆ రోజు సర్వరు ముందున్న నాలుగు దీపాల్లో ఒకటి ఎర్రగా వెలుగుతోంది.

నాలుగు దీపాలంటే నాలుగు డిస్కులు. నాలుగింటినీ కలిపి ఒక్క పెద్ద డిస్కులా వాడుకునేట్టు మూడేళ్ల కింద తనే అమర్చింది. అందులో ఏ ఒక్కటి చెడిపోయినా మిగిలిన మూడూ కలిసి, పోయినదాంట్లో ఏముండేదో లెక్కగట్టి కొత్త డిస్కు మీద మళ్లీ రాస్తాయి. ఒక్కటి పోతేనే. దాని చోటు నిండకముందే రెండోది పోతే ఏదీ మిగలదు.

బస్టాండు దగ్గర కంప్యూటర్ సామాన్ల దుకాణం పెట్టుకున్న వాళ్లన్న మధుకర్, కొత్త డిస్కు రెయిన్‌కోటు లోపల దాచుకుని తెచ్చాడు.

“ఇది పెట్టు. రేపటికల్లా మళ్ల నిండుతది” అన్నాడు.

సింధూజ డిస్కును గూట్లోకి సగం దాకా తోసి ఆగింది.

“అన్నా, ఈ నాలుగు ఒకే పెట్టెల నుంచి తీసిచ్చినవ్ గదా?”

“అవ్. ఒకే దినం.”

“అంటే మిగిలిన మూడు గూడ గంత ముసలియే. కొత్తది నిండాలంటే గా మూడు ఈ కొస నుంచి ఆ కొసకు ఆగకుంట చదవాలె. ఒక దినమున్నర పని. మధ్యల ఇంకోటి కూలవడితే?”

ఆమె డిస్కును బయటికి లాగి బల్ల మీద పెట్టింది.

“ఇంకెక్కడ లేనియి ముందు బయటికి తీస్త. తర్వాత చూద్దాం.”

ఇంకెక్కడా లేనివి ఏవో ఆమెకు తెలుసు. ప్రతి ఆదివారం సైట్లన్నిటికీ నకలు తీసి వేరే డిస్కులో పెడుతుంది. కాని జాగా చాలడం లేదని, ఏడాది కింద ఒక్క సైటును మాత్రం ఆ వరుసలోంచి తీసేసి, దాని పాత నకళ్లూ చెరిపేసింది. అది బోధన్ లింబాద్రిది. ఆయన మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఏండ్లు చెరుకు కాంటా మీద పనిచేసినాయన. ఎడమ చెవి పూర్తిగా పోయి, కుడి చెవి మెల్లమెల్లగా పోతున్నదని డాక్టరు చెప్పిన నెల నుంచి, ఫోన్ పట్టుకుని ఊరూరూ తిరుగుతున్నాడు. చెరుకు నరికినవాళ్లు, బండ్లు తోలినవాళ్లు, బాయిలర్ కాడ నిలబడ్డవాళ్లు. ఒక్కొక్కరిని కూర్చోబెట్టి మాట్లాడించి, ఆ గొంతులు సింధూజకు పంపేవాడు. నూట పన్నెండు గొంతులయ్యాయి.

ఆమె ఫోన్ చేసింది. ఆయనకు వినబడేదాకా మూడుసార్లు అరవాల్సి వచ్చింది.

“బాపూ! నీ ఫోన్ల ఉన్నయా గవన్ని?”

“ఫోన్ల ఎందుకుంటయి బిడ్డా? నిండిందని ఎప్పటియప్పుడు తీసేస్తనే ఉన్న. నీ దగ్గర పదిలంగ ఉన్నయి గద!”

ఆ మనిషి తననే నమ్ముకున్నాడు. తను నమ్ముకున్నది అలసిపోయిన మూడు డిస్కులను.

చిన్న బయటి డిస్కు తగిలించి నకలు మొదలుపెట్టింది. ఒక్కో గొంతూ దాటుతోంది. ఒకటి, రెండు, ఐదు. మధుకర్ దుకాణానికి పోయాడు. కిటికీ మీద వాన సన్నగా పాకుతోంది. చేయడానికి ఇంకేమీ లేదు. సింధూజ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఇవతలికి చేరిన గొంతులను ఒక్కొక్కటిగా వినసాగింది. మూడేళ్లుగా తన దగ్గరున్నవే. ఇంతవరకు ఒక్కటీ వినలేదు.

ఎవరో చెరుకు గడ మీద కత్తి పడే చప్పుడు నోటితో చేసి చూపిస్తున్నారు. ఎవరో బెల్లం పాకం కాదు, చక్కెర తీసినంక మిగిలే మడ్డి వాసన, అది ఊరంతా కమ్ముకుంటే తలనొప్పొచ్చేది, ఇప్పుడు రాకపోతే ఏం తోస్తలేదు అంటున్నారు. ఒక ముసలాయన సగం మరాఠీలో, సగం తెలుగులో తన ఎడ్ల పేర్లు చెబుతున్నాడు. ఆయన చెప్పే తీరుకు ఆ ఎడ్లు గదిలోకి వచ్చి బల్ల పక్కన తోకలు ఆడిస్తూ నిలబడ్డట్టే ఉంది. సర్వరు పంకాల హోరు ఆమెకు చెరుకుతోటలో గాలిలా వినిపించింది. ఆకులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. ఆ ఆకుల మధ్య దారి ఇంకా ఇంకా లోపలికి పోతోంది. రెప్పలు వాలాయి. కూర్చున్నచోటే బండి కింద ఇరుసు కదిలినట్టు, తను చెరుకు మోపుల మీద వెల్లకిలా పడుకుని పోతున్నట్టు అనిపించింది. ఎంతసేపో తెలియదు.

టిక్కు టిక్కుమన్న చప్పుడుకు కళ్లు తెరిచింది. ఎనభై ఏడో గొంతు దగ్గర నకలు ఆగిపోయింది. మిగిలిన మూడు డిస్కుల్లో ఒకటి లోపల గోకుతున్నట్టు మోగుతోంది. మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ అక్కడే ఆగింది. ఇంకా బలవంతపెడితే మిగతావీ పోతాయని దాన్ని వదిలేసి ముందుకు జరిగింది. ఎనభై ఎనిమిది వచ్చింది. తొంభై వచ్చింది. దీపాలు పెట్టే వేళకు నూట పదకొండు ఇవతలికి చేరాయి. ఆ తర్వాత గంటకే ఆ డిస్కు కూడా ఆగిపోయి, అరవై మూడు సైట్లూ మూతబడ్డాయి.

ఎనభై ఏడు ఎవరో పట్టికలో చూసింది. నవీపేట్ హన్మవ్వ.

మరునాడు అన్నాచెల్లెళ్లిద్దరూ కొత్త అమరిక గురించి కూర్చున్నారు.

“పాత తీరే పెట్టు, పెద్ద డిస్కులు వేసి. జాగా ఎక్కువొస్తది” అన్నాడు మధుకర్.

“డిస్కు ఎంత పెద్దదైతే నింపుడు గంత లేటు అన్నా. నిన్నటి భయం ఇంకెక్కువ రోజులు పడాలె. జంటలు పెడ్త. ఒకటి రాసిందే రెండోది రాస్తది. ఒకటి పోతే దాని జోడీని చదివి కొత్తదాన్ని నింపొచ్చు, అంతే.”

“సగం జాగా పోతది గద!”

“పోనీ. సైట్లకు వేగం కావాలె, వాటికి రెండు చిన్న ఎస్సెస్‌డీలు, లోపల తిరుగుడు లేనియి. గొంతులకు జాగా కావాలె, వాటికి రెండు పెద్ద డిస్కులు, మామూలు తిరిగేటియి. జోడీల రెండు ఒకే పెట్టెలవి వద్దు. వేరువేరు నెలలవి తెచ్చియ్యి.”

“గింత జేసినంక ఇగ రందే లేదు.”

సింధూజ తల అడ్డంగా ఊపింది. “నేను పొరపాటున ఒకటి చెరిపిననుకో, జోడీల గూడ అప్పుడే చెరిగిపోతది. గందుకే ఇంకో నకలు ఈ గదిలనే ఉండొద్దు. ఊరే వేరుండాలె.”

రెండు రోజులకు సైట్లన్నీ మళ్లీ తెరుచుకున్నాయి. ఆదివారం ఆమె నకలు డిస్కు సంచిలో వేసుకుని బోధన్ బస్సెక్కింది. వానకు దారి పక్కన చెరుకు మడులు, వరి మడులు ఒకే పచ్చదనంలో కలిసిపోయాయి. ఎక్కడ ఏది మొదలవుతుందో తెలియడం లేదు.

లింబాద్రి ఇంట్లో టీవీ పక్కన డిస్కు పెట్టి, ఇంటర్నెట్ డబ్బాకు తగిలించి, ప్రతిరోజూ కొత్తవి దానంతటదే వచ్చి చేరేట్టు చేసింది. ఆ తర్వాత ఆయన కుడి చెవి దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. నకళ్ల వరుసలోంచి ఆయన సైటును తనే తీసేసిన సంగతి కూడా దాచలేదు.

ఆయన లేచి టీవీ పక్కనున్న డిస్కు మీద చేయి పెట్టాడు.

“ఒక్కటేనా పోయింది?”

“ఒక్కటే బాపూ. హన్మవ్వది.”

“హన్మవ్వ ఉన్నది గద” అని ఆయన గొడుగందుకున్నాడు. “నడువ్.”

నవీపేట్‌లో హన్మవ్వ వసారాలో మక్కకంకులు వొలుస్తోంది. వచ్చిన పని చెబితే పకపకా నవ్వింది. “నా మాట డబ్బల ఇముడలే గావచ్చు!”

లింబాద్రి ఫోన్‌ను మధ్యలో పీట మీద పెట్టాడు. ఆయనకు ఆమె మాట వినబడటం లేదు. ఆమె ఒక్కో మాట చెప్పి ఆగితే, సింధూజ ఆయన చెవిలో గట్టిగా మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఫోన్‌లో రెండు గొంతులూ పడుతున్నాయి. చెరుకు నరకడం, కట్టలు కట్టడం, రెండు దినాలు ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల లైనులో పడిగాపులు పడటం అన్నీ చెప్పి, హన్మవ్వ కంకి పక్కన పెట్టి సింధూజ వైపు చూసింది.

“పోయినసారి ఈ ముచ్చట సెప్పలే. మొగోని ముందట ఏం సెప్తమని. నా పెద్దబిడ్డ గా బండ్ల లైన్లనే పుట్టిందమ్మా. ముందటి బండ్లు, ఎనక బండ్లు అన్ని నిలవెట్టిండ్రు. ఆడోళ్లంత దుప్పట్లు అడ్డం వట్టిండ్రు.”

“ఇది చెప్పాల్నా అవ్వా, బాపుకు?”

“సెప్పు. ఇప్పుడు సిగ్గేంది?”

చెప్పింది. లింబాద్రి ముఖంలో ఏదో కదిలింది. ఆయన పీట వైపు వంగాడు.

“ఒక దినం ఎండ నెత్తిమీదికొచ్చేదాక ఒక్క బండి కదలలే. కాంటా మీద నుంచి దిగొచ్చి అందర్ని బూతులు తిట్టిన. ఎందుకాగిండ్రో ఒక్కడు సెప్పలే... గందుకా?”

హన్మవ్వ చేయి నోటికి అడ్డం పెట్టుకుంది.

“గా తిట్టింది నువ్వా! దుప్పటెనక నాకు ఇనవడ్డది. అప్పటికి బిడ్డ ఇంకా ఏడ్వలే. నీ కేకకే ఉలిక్కిపడి ఏడ్సింది.”

సింధూజ ఆ మాటను ఆయన చెవిలో చెప్పింది. ఆయనకు సగమే వినబడి, మిగతా సగం రెండోసారి చెప్పాల్సి వచ్చింది. లింబాద్రి కండువాతో ముఖం తుడుచుకుని, “పేరేం పెట్టినవ్?” అని అడిగాడు. చూరు నుంచి నీళ్లు జారుతున్నాయి. ఫోన్ ఆపాలని ఎవరికీ తోచలేదు.