కొత్త వెర్షన్, చల్లబడుతున్న గుడ్లు

పొద్దున్నే బావ ఫోను. హలో కూడా లేదు.

"ఏమ్మా మరదలూ, నీ లైబ్రరీ మా కొంప ముంచేలా ఉంది."

బావది కోడిగుడ్లు పొదిగించే హేచరీ. గుడ్లున్న పెట్టెలో వేడి ఎంతుందో సెన్సర్లు చెబుతాయి. అవి చెప్పేదాన్ని కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చే లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్, మరదలు రాసింది. రాసి, మూటకట్టి, కావలసినవాళ్ళు తెచ్చుకుని ఇన్‌స్టాల్ చేసుకునేలా నెట్‌లో పెట్టింది. ఈ వారం బావ పాత సెన్సర్లు పీకేసి కొత్తవి బిగించాడు. వాటి కొలతలు వేరే ఫైల్లో రాసుకుని, ఆమె నిన్న కొత్త వెర్షన్ పెట్టింది. దాన్ని ఎక్కించిన దగ్గర్నుంచి బావ తెరమీద అంకె లేదు. అంకె లేకపోతే హీటరు తనంతట తాను వెలగదు.

"మీ అక్క గాజు థర్మామీటరు పట్టుకుని పెట్టె దగ్గరే కాపలా కూర్చుంది. హీటరు మేమే వేస్తున్నాం, మేమే ఆర్పుతున్నాం. ఓసారి బాగా చల్లబడింది కూడా. ఇవాళో రేపో పిల్లలు కావాల్సిన గుడ్లమ్మా!"

"కంగారు పడకండి బావా. నా దగ్గర పనిచేస్తోంది."

"అయితే గుడ్లన్నీ ఆటోలో నీ దగ్గరికే పంపిస్తా. నువ్వే పొదుగు."

వెనకనుంచి అక్క గొంతు వినబడింది. "గుడ్డు ఉడకబెట్టమంటేనే గిన్నెతో సహా మాడ్చింది. దానికా ఇచ్చేది?"

మరదలు నవ్వలేదు. బావ ఇచ్చిన కొత్త సెన్సరు ఒకటి బల్లమీదుంటే గుప్పిట్లో పట్టుకుంది. తెరమీద అంకె బుద్ధిగా పెరిగింది. ఇక్కడ ఇంత వినయంగా ఉన్నది అక్కడికి వెళ్ళి ఎందుకు మొండికేస్తోంది? భయం కంటే ముందు ఆ ప్రశ్నే ఆమెను పట్టుకుంది.

తన మూటను తానే పరాయిదానిలా నెట్‌నుంచి తెచ్చుకుని ఇన్‌స్టాల్ చేసింది. పనిచేసింది. తీసేసి మళ్ళీ వేసింది. పనిచేసింది. విసుగుపుట్టి, ఇన్‌స్టాలైన కాపీ తెరిచి కావాలనే అందులో ఒక ముఖ్యమైన లైను చెరిపేసింది. ఇప్పుడైనా కుప్పకూలాలి. కూలలేదు. అంకె నిక్షేపంలా వచ్చింది.

ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"మరైతే పనిచేస్తున్నది ఎవరు?"

"నన్నా అడుగుతున్నావు?" అన్నాడు బావ. ఆయన ఇంకా ఫోను పెట్టెయ్యలేదు.

అప్పుడు చూసుకుంది, తానున్నది ఏ ఫోల్డర్లోనో. లైబ్రరీ రాసుకున్న ఫోల్డర్లోనే ఉంది. ఉన్నచోటే ఆ పేరుతో కోడ్ కనబడితే కంప్యూటర్ ఇన్‌స్టాల్ చేసినదాని జోలికే పోదు. ఇన్నాళ్ళూ ఆమె పరీక్షించింది మూటను కాదు, మూట కట్టకముందరి సామాను.

లైబ్రరీని మళ్ళీ శుభ్రంగా వేసి, ఒక ఖాళీ ఫోల్డర్ తెరిచి అక్కణ్ణుంచి నడిపింది. కొత్త సెన్సర్ల కొలతల ఫైలు దొరకలేదని ఎర్రక్షరాలు వచ్చాయి.

"వచ్చింది బావా! ఇక్కడా చచ్చింది!"

"అంత సంబరంగా చెబుతున్నావేమమ్మా?"

మూట విప్పి చూసింది. కోడ్ అంతా ఉంది, ఆ ఫైలు లేదు. మూటకట్టే ప్రోగ్రాం కోడ్‌ను అడక్కుండానే వేసుకుంటుంది. మిగతావాటిని మాత్రం ఫలానాది కూడా వెయ్యి అని చెప్పి వేయించుకోవాలి. ఆమె చెప్పలేదు. ఆ ఒక్క లైనూ ఇప్పుడు రాసింది. ఒకసారి నెట్‌లోకి ఎక్కిన మూటను అదే వెర్షన్ నంబరుతో మార్చి పెట్టనివ్వరు. అందుకని కొత్త నంబరు వేసి, ఖాళీ ఫోల్డర్‌లోంచి చూసుకున్నాకే ఎక్కించింది. నిన్నటిదాన్ని ఇంకెవరూ తెచ్చుకోకుండా పక్కకు తప్పించింది.

"ఇప్పుడు వెయ్యండి బావా."

బావ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్న చప్పుడు. చాలాసేపు అదే. ఆ తర్వాత హీటరు టక్కుమంది.

"అంకె వచ్చింది. మీ అక్క థర్మామీటరు చెప్పేదే ఇదీ చెబుతోంది."

"గుడ్లెలా ఉన్నాయి?"

అది ఏ ఫోల్డర్లోంచి నడిపినా తెలిసేది కాదు. అవతల అక్క టార్చి వెలిగించి, ఒక గుడ్డు తీసి వెలుతురుకు అడ్డం పట్టింది. మరదలు ఫోను చెవికి అదిమిపెట్టుకుంది.

"లోపల పిల్ల కదుల్తోందే," అంది అక్క. "ఉండవే, ఇంకోటి చూడనీ."