వెన్నపండుకు పద్నాలుగు మిరపకాయలు

ఖరీదు లేని వస్తువులో బలం ఉంటుందంటే అద్దంకి హెడ్మాస్టరు గురునాథం గారు నమ్మరు. కోడలు మహతికి ఐదో నెల. వేవిళ్లు ఇంకా వదల్లేదు. ఏది తిన్నా నిలవదు, పెరగాల్సిన బరువు తగ్గింది. గుంటూరు డాక్టరమ్మ విడమరిచే చెప్పింది:

"మాత్రలు మానొద్దు. ఆకుకూర, పప్పు, పల్లీలు పెట్టండి. దొరికితే అవకాడో, అదే వెన్నపండు, అది కూడా. ఫోలిక్ ఆమ్లం, మంచి కొవ్వు ఉంటాయి. కమ్మగా, మెత్తగా ఉంటుంది, కడుపులో నిలవొచ్చు. రేపు బిడ్డకు ఆరు నెలలు నిండాక చిదిపి పెట్టినా మంచిదే."

ఇన్నింటిలో ఆయన చెవికెక్కింది ఆ ఒక్క పండే. రెండు కొనుక్కొచ్చి ముందుగదిలో ఇత్తడి పళ్లెంలో పెట్టి, వచ్చినవాళ్లందరికీ చూపించారు.

"మా కోడలికండీ. ఫారిన్ పండు. మెదడుకి మంచిది."

ఎవరి మెదడుకో చెప్పలేదు.

నాలుగో రోజుకి ఒకటి మెత్తబడింది. ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ కోసి, కాస్త నాలిక మీద పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఉప్పూ లేదు, పులుపూ లేదు. సబ్బు నాకినట్టుంది."

ఈ నేల మీద కారం తగలనిదాన్ని తిండి అనరు. పద్నాలుగు పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి రోట్లో నూరి ఇంగువ పోపు పెట్టింది. ముందు దేవుడు, తర్వాత మగవాళ్లు, ఆ తర్వాత తను, చివర కోడలు. ఆ ఇంటి వరస అది. గురునాథం గారూ, కొడుకు సాయికౌశికూ ఆ పచ్చడి అన్నంలో నెయ్యి వేసుకుని లొట్టలేశారు. మహతి దగ్గరికొచ్చేసరికి గిన్నె అడుగున రెండు ముద్దలకు సరిపడా మిగిలింది. ఒక ముద్ద తిని పెరట్లోకి పరిగెత్తింది.

"చూశారా, ఆ పండు దానికి పడలేదు" అంది అత్తగారు.

"పడనిదాన్ని బలవంతంగా పెట్టకూడదు. రెండోది రేపు మనమే కానిద్దాం" అన్నారు మావగారు.

పెరట్లో పెళ్లాం కక్కుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. సాయికౌశిక్ ఫోనులోంచి తలెత్తలేదు. "రేపు కారం కాస్త తగ్గించమ్మా" అన్నాడు.

మర్నాడు పొద్దున అత్తగారు పూజకి పూలు కోసుకుని వచ్చేసరికి మహతి ముందుగదిలో, మావగారి పడక్కుర్చీలో కూర్చుని ఉంది. రెండో పండు కోసి, చిటికెడు ఉప్పు చల్లుకుని చెంచాతో తింటోంది.

"నైవేద్యం కాకుండానే ఏమిటే ఇది?"

"తింటున్నాను అత్తయ్యగారూ."

"అందరూ తిన్నాక తినాలని మీ పుట్టింట్లో నేర్పలేదా?"

"నేర్పారు. అందుకే నిన్న పెరట్లో తేలాను."

గురునాథం గారు పేపరు పట్టుకుని వచ్చి తొంగి చూశారు.

"ఒక్క ముక్కైనా ఉంచావా అమ్మా?"

"గింజ ఉంది మావయ్యగారూ."

మహతి తొక్కకంటిన గుజ్జు కూడా గీకి తిని, కుర్చీలో వెనక్కి వాలింది. అత్తగారు ఎప్పుడు కక్కుతుందా అని గుమ్మంలోనే కాపు కాసింది. పావుగంట గడిచింది, అరగంట గడిచింది.

"ఇడ్లీ ఏమైనా వేశారా అత్తయ్యగారూ?" అంది మహతి. "ఆకలేస్తోంది."