హాస్టల్ జాకెట్ల సర్వీస్ పేజీ

తార్నాకలో మా ఇంటి కింది వాటాలో పద్మశ్రీ చీరల దుకాణం ఉంది. ఆ బిరుదు ఆమెకు ప్రభుత్వం ఇచ్చింది కాదు, ఉయ్యాల్లో వేసిన రోజే అమ్మానాన్నలు ఇచ్చేశారు. ఏడాదిగా చీరలు ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతోంది. చీరలు బాగానే కదులుతున్నాయి. కదలనిది కుట్టు పని. జాకెట్ కుట్టి, చీరకు ఫాల్ వేసి, పీకో చేసి ఇస్తామంటూ నెల కిందట తన ఆన్‌లైన్ దుకాణంలో ఒక సర్వీస్ పేజీ పెట్టింది.

ఆ పేజీ రాసింది నేనే. యూనివర్సిటీ ప్రెస్సులో ఇరవై ఆరేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. అన్నేళ్లు పరాయి తప్పులు దిద్దినవాడి చేతికి ఖాళీ పేజీ దొరికితే సొంత తప్పులు ఎన్ని చేస్తాడో ఆ పేజీలో చూడొచ్చు. పైన పెద్దక్షరాలతో ‘కుట్ర లేని కుట్టు!’ అని ఉంటుంది. దాని కింద ‘మీ మెడకు మేడంత అందం’. ఇంకా కిందకు పోతే ‘దారం మాది, ఆధారం మీది’. దీనికి అర్థమేమిటని మా ఆవిడ కామాక్షి అడిగింది. ప్రాసకు అర్థం అడగకూడదన్నాను.

నాలుగో తారీఖు పొద్దున పద్మశ్రీ ఫోను పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"సార్, గీ పేజీని రెండొందల పది మంది చూసిన్రు. తొమ్మిది మంది ఫారం నింపిన్రు. ఒక్కటంటే ఒక్కటి కత్తెర కాడికి రాలె."

"ఎందుకు రాలేదు?"

"ఏం రాసిన్రో చూడున్రి. గీమె ఛాతీ ఎనబై ఆరు ఇంచులంట! గింకో పిల్ల కొలతలన్నిట్ల ‘ఎల్’ అని పెట్టింది. చంక కొలత కాడ గూడ ‘ఎల్’."

ఆ ఫారం ఒక పెద్ద కంపెనీ సైటు చూసి నేను దింపిందే. పద్నాలుగు గళ్లు, అన్నీ ఇంచులు. కొలతలడిగి కలతలు కొని తెచ్చుకున్నాం.

"ఎనభై ఆరు రాసినావిడకు ఫోన్ చేయకపోయావా?"

"నాలుగుసార్లు చేసిన. కట్ చేస్తున్నది. పేరు స్నేహలత, యూనివర్సిటీల పీహెచ్‌డీ చేస్తదంట. చీర మన దగ్గరనే కొన్నది, గుడ్డ నా దగ్గరనే ఉన్నది." పద్మశ్రీ గొంతు తగ్గించింది. "సార్, లచ్చవ్వ పోతా అంటున్నది."

లచ్చవ్వ ఆమె దగ్గర హెమ్మింగు, హుక్కులు, కాజాలు చేస్తుంది. మాణికేశ్వర్ నగర్ నుంచి రోజూ నడిచొస్తుంది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. ఈ నెలలో కూడా పని లేకపోతే ఒకటో తారీఖు నుంచి మౌలాలిలో యూనిఫారాలు కుట్టే కంపెనీకి పోతానని చెప్పేసింది.

"ఆమె పోతే మిషన్లు బంద్ పెట్టుడే. కట్టింగ్ నాకొస్తది. ఆమె చేతి కుట్టు ఎవ్వలకొస్తది? ఇరవై ఒకటో తారీఖున యూనివర్సిటీల కాన్వొకేషన్ ఉన్నది. హాస్టల్ పిల్లలందరు చీరలు కడ్తరు. గా జాకెట్లు మనకు రాకుంటే ఇగ అంతే."

అంటే ఆ ఒక్క పుట మీదే పద్మశ్రీ పూట ఆధారపడి ఉంది. ఆ పుటేమో నేను రాసింది. గుడ్డ తిరిగిచ్చే సాకుతో ఇద్దరం క్యాంపస్‌కు బయల్దేరాం.

హాస్టల్ గేటు దగ్గరి బల్ల మీద కూర్చుని వాచ్‌మన్‌తో కబురు పంపించాం. స్నేహలత దిగి వచ్చింది. జియాలజీలో పరిశోధన చేస్తోందట. నాలుగుసార్లు ఫోన్ చేశానని పద్మశ్రీ చెప్పగానే నాలుక కరుచుకుంది.

"అయ్యో, నాలుగుసార్లు చేసింది మీరా అక్కా? లోన్ ఇస్తమని రోజుకు పది ఫోన్లొస్తయి, గదే అనుకున్న."

"గది సరే గని, ఎనబై ఆరేంది చెల్లె?"

"ల్యాబుల టేపుతోని కొలుచుకున్న. సెంటీమీటర్లు."

"నేను ఇంచులే అనుకోని కోస్తే గుడారమైతుండె!"

మా ప్రెస్సులో ఒక పద్ధతి ఉంది. రాసినవాడి చేత ప్రూఫ్ చదివించకూడదు. వాడికి అచ్చయినది కనపడదు, తాను రాయాలనుకున్నది కనపడుతుంది. అందుకే ఎప్పుడూ చూడనివాడికిస్తాం. ఆ పద్ధతే ఇక్కడా పెడదామనుకున్నాను.

"అమ్మా, పేజీ ఇంకోసారి తెరువు. జాకెట్ కుట్టించుకోవాలంటే ఏం చేయాలో మాకు చెప్పు. మేం నోరెత్తం" అన్నాను. నోరెత్తకుండా ఉండటం పద్మశ్రీకి తేలిక. నాకు అది ఉపవాసం.

ఆ పిల్ల బొటనవేలు తెర మీద జారింది. నా ‘కుట్ర లేని కుట్టు’ దగ్గర ఆగలేదు. ‘మేడంత అందం’ దగ్గరా ఆగలేదు. ‘ఆధారం మీది’ని లారీ గుంతను దాటినట్టు దాటేసింది. ఫారం దాకా పోయి, మళ్లీ పైకొచ్చి, మళ్లీ కిందికి పోయింది.

"ఎన్ని రోజులకిస్తరో లేదు. గుడ్డ ఏడ ఇయ్యాలెనో లేదు. ‘త్వరలో మీ చెంతకు’ అని ఉన్నది. త్వరలో అంటే కాన్వొకేషన్‌కు ముందా, ఎనుకనా?" ఆగింది. "ఒకటి అడగాల్నా అక్కా? మీరు ఆది జాకెట్ తీస్కోరా?"

పద్మశ్రీ బల్ల మీంచి లేచింది. "తీస్కోకపోవుడేంది! ఆది లేకుంటే నేను కత్తెర ముట్ట!"

"మరి రాయలే గదా. ఇంచులు అడిగిన్రు, ఆన్‌లైన్ అంటే గింతే ఉంటదేమో, పాత జాకెట్ ఇస్తమంటే నవ్వుతరేమో అనుకున్నం. హాస్టల్ల అందరం గదే అనుకున్నం."

"గది గూడ రాస్తరా ఎవలన్న? ఆది జాకెట్ తేవాలెనని తెల్వనోల్లు ఉంటరా?"

ఆ మాట అంటూనే ఆగి నా వంక చూసింది. నేనూ ఆమె వంకే చూశాను. నిజానికి మా ఇద్దరికీ తట్టలేదు. అందరికీ తెలుసు కనుక ఆమె చెప్పలేదు. ఆమె చెప్పలేదు కనుక నేను రాయలేదు. ఒంటికి సరిపోయే పాత జాకెట్ ఒకటి దర్జీకిస్తే కొలతలన్నీ అందులోనే ఉంటాయి. మూడు తరాలుగా మన ఆడవాళ్లు తమ ఇంచులు తెలియకుండానే సరిగ్గా కుట్టించుకుంటున్నారు. అలాంటివాళ్లను పట్టుకుని పద్నాలుగు గళ్లు నింపమన్నాను. ఆదిలోనే హంసపాదంటే ఇదే.

"ఆదివారం అందరం కూసోని ఎవలకియ్యాలెనో డిసైడ్ చేస్తం అక్కా. గప్పటికి పేజీ మంచిగుంటే గ్రూపుల పెడ్త" అంది స్నేహలత.

ఆ సాయంత్రం మా వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. నేను ల్యాప్‌టాప్ తెరిచి, వేళ్లు విరిచి, "‘ఆది మీది, అంతు చూసే బాధ్యత మాది’ ఎలా ఉంది?" అన్నాను.

కామాక్షి చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. "చచ్చినట్టుంది. ఏవండీ, మీరు కాసేపు ఊరుకోండి. పద్మా, నేను నీ దుకాణానికొచ్చాననుకో, మొట్టమొదట ఏం అడుగుతావు?"

"ఆది తెచ్చినవా అక్కా అంట."

"తర్వాత?"

"దీన్లెక్కనే కుట్టాల్నా, ఏమన్న మార్చాల్నా అంట. అందరు సేమ్ టు సేమ్ అనే అంటరు, మల్ల చేతులు జర పొడుగు, చంకల జర లూజ్ అంటరు. లోపల అస్తర్ వెయ్యాల్నా? మెడ ఎట్ల? హుక్కులు ముంగటనా, ఎనుకనా? ఎప్పటికి కావాలె? గంతే."

"ఏవండీ, ఇప్పుడు ఆమె చెప్పింది చెప్పినట్టు రాయండి. అదే వరసలో."

రాశాను. మొదటి వాక్యం ‘మీకు సరిపోయే పాత జాకెట్ ఒకటి గుడ్డతో పాటు ఇవ్వండి’. దాని కింద దుకాణం చిరునామా, పేరు చీటీ పిన్ను పెట్టిన సంచి ఫోటో. పద్నాలుగు గళ్లూ పోయాయి. వాటి స్థానంలో ‘పాతదానిలో ఏం మార్చాలి?’ అని ఒకటే గడి. ‘ఈ నంబరు నుంచి మేమే ఫోన్ చేస్తాం, దయచేసి ఎత్తండి’ అన్నది కామాక్షి చేర్చింది. నా ప్రాసలన్నీ కత్తెరకు పోయాయి. ఆ పేజీ పుణ్యాన మొదటిసారి కత్తెర కాడికి వచ్చినవి అవే.

చివరికి ‘ఎప్పుడిస్తారు’ దగ్గర బండి ఆగింది.

"తారీఖు చెప్పు పద్మా."

"తారీఖు రాస్తే ఎట్ల సార్? అడిగితే హెమ్మింగ్ ఒక్కటే మిగిలింది, పొద్దుగాల రా అంటం. గదే రివాజు. రాసినంక మల్ల తప్పించుకునుడెట్ల?"

"అందుకే రాయాలి. హాస్టల్ పిల్లలకు కాన్వొకేషన్ అయ్యాక ఇస్తే ఆ జాకెట్ దేనికి?"

పద్మశ్రీ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. రోజుకు తాను ఎన్ని కోయగలదో, లచ్చవ్వ ఎన్ని పూర్తి చేయగలదో. చాలాసేపు పట్టింది.

"పదో తారీఖు లోపట ఇస్తే పద్దెనిమిదిన ఇస్త. ముప్పై జాకెట్లే. ముప్పై ఒకటోది తీస్కోను." తల పట్టుకుంది. "సార్, వచ్చిన గిరాకీని వద్దని నేనెన్నడు అనలే."

"ముప్పై తర్వాత పేజీయే అంటుంది. నువ్వు అనక్కర్లేదు."

ఆదివారం సాయంత్రం స్నేహలత హాస్టల్ గ్రూపులో ఆ పేజీ పెట్టింది. సోమవారం పదకొండు ఫారాలు వచ్చాయి. మంగళవారం పొద్దునకు ఇరవై నాలుగు. బుధవారం మధ్యాహ్నం ముప్పై నిండి, ‘ఈ విడతకు ఇక తీసుకోం’ అన్న వాక్యం పైకొచ్చింది. పది నిమిషాల్లో పద్మశ్రీ ఫోను మోగింది. ఎవరో మేడం, ఒక్కటే జాకెటట. "తెండి మేడం, ఒకటే కద..." అంటూ మొదలుపెట్టి, లచ్చవ్వ వైపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "లేదు మేడం. నిండినయి. పేజీల రాసినం." ఫోను పెట్టేసి నుదుటి చెమట తుడుచుకుంది.

లచ్చవ్వ కింద చాప పరుచుకుని అప్పటికి వచ్చిన సంచులన్నీ వరసగా పేరుస్తోంది. ఇక మీరు మౌలాలి వెళ్లరు కదా అని అడిగాను.

"గా సూపర్‌వైజర్‌కు పొద్దుగాలనే చెప్పిన, నేను రానని. గిన్ని ఇడిశిపెట్టి ఏడికి పోత?" అంది తల ఎత్తకుండా. తర్వాత ఒక సంచిలో చెయ్యి పెట్టి రెండు పాత జాకెట్లు బయటకు తీసింది. వాటికి గుచ్చిన చీటీ నాకు చూపించి చదవమంది.

‘భుజాలు నీలందానివి, చేతులు ఎర్రదానివి, మెడ మాత్రం మా వదినది. ఫోటో పంపిస్తా’ అని చదివాను.

"ఏందే పద్మా ఇది?" అంది లచ్చవ్వ. "ఒక్క మనిషి పెయ్యికి మూడు జాకెట్లా?"

పద్మశ్రీ నవ్వలేదు. స్టూలు నా వైపు జరిపింది.

"సార్, ల్యాప్‌టాప్ తెరువున్రి. ‘ఒకటి’ అన్న మాట జర లావుగ కనపడాలె."